బిడ్డను దూరం పంపడం వైద్యం కాదు

సెరిబ్రల్ పాల్సీతోనో బుద్ధిమాంద్యంతోనో ఉన్న బిడ్డ ఇంటికి చుట్టాలు ఇచ్చే సలహా తరచుగా ఒక్కటే: “ఎక్కడైనా ఆశ్రమంలో చేర్పించండి.” కొందరు వైద్యులూ ఈ మాటే అంటారు. వినడానికిది దయలాగే ఉంటుంది. నిజానికిది చేతులు దులుపుకోవడం.

పాఠకులారా, మొదట చట్టం ఏమంటోందో చూడండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, బిడ్డ శ్రేయస్సు కోరి న్యాయస్థానం ఉత్తర్వు ఇస్తే తప్ప, వైకల్యం కారణంగా ఏ బిడ్డనూ తల్లిదండ్రుల నుండి వేరుచేయరాదు. తల్లిదండ్రులు పెంచలేని స్థితిలో ఉంటే మొదట దగ్గరి బంధువులు, తరువాత సమాజంలోనే ఒక కుటుంబ వాతావరణం. ఆశ్రమం అసాధారణ పరిస్థితుల్లో మాత్రమే. చట్టం చిట్టచివర ఉంచినదాన్ని మనం మొట్టమొదట చెబుతున్నాం.

వైద్యశాస్త్రమూ ఇదే చెబుతుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు కీళ్లు బిగిసిపోకుండా ప్రతిదినమూ వ్యాయామం చేయించాలి. కూర్చోబెట్టి, తల నిలకడగా పట్టుకుని, చిన్న ముద్దలు ఓపికగా తినిపించాలి. పడుకోబెట్టి గబగబా పెడితే అన్నం ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా వస్తుంది. ఒక ఆయా పదిహేనుమందికి తినిపించే చోట ఆ ఓపిక ఎక్కడి నుండి వస్తుంది? రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన అధ్యయనంలో, అనాథాశ్రమాల్లోని 136 మంది పసివారిలో సగంమందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆశ్రమాల్లో మిగిలినవారికంటే వీరి బుద్ధి వికాసం మెరుగుపడింది. రెండేళ్లలోపు వెళ్లినవారిలో మరింతగా. తీవ్ర వైకల్యం లేని పిల్లలకే ఆశ్రమం అంత నష్టం చేస్తే, మన పిల్లల మాటేమిటి?

“మరి ఆ తల్లి ఏం చేయాలి?” అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆళ్లగడ్డ నుండి నంద్యాల సుమారు 40 కిలోమీటర్లు. గంటసేపు ఫిజియోథెరపీ కోసం అంతదూరం పోవలసివస్తే ఒకనాటి కూలి పోతుంది. పదేళ్ల బిడ్డను చంకనెత్తుకుని ఎన్నాళ్లు బస్సెక్కగలదు? ఆమె బిడ్డను పంపేది ప్రేమ లేక కాదు, సాయం లేక.

కనుక సాయాన్ని అడుగుదాం. 2022లో నంద్యాల జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి ఫిజియోథెరపిస్టు, పిల్లల వైద్యుడు వారానికొకసారైనా ఆళ్లగడ్డకు రావాలి. తల్లి జబ్బుపడితే బిడ్డను కొన్నాళ్లు చూసుకునే తాత్కాలిక వసతి కావాలి. తల్లిదండ్రుల తదనంతరం ఉండటానికి ఊళ్లోనే చిన్న గృహాలు కావాలి. నేషనల్ ట్రస్టు వారి ‘సమర్థ్’, ‘ఘరౌందా’ పథకాలు ఇందుకే పుట్టాయి. అవి మీకు ఎంత దూరంలో అమలవుతున్నాయో అధికారులను నిలదీయండి.

సెలవులకు బిడ్డ ఇల్లు చేరే మంచి ప్రత్యేక పాఠశాలలను నేను కాదనడం లేదు. ఏ వసతి గృహమైనా సరే, చేర్చే ముందు మూడు ప్రశ్నలు వేయండి. రిజిస్ట్రేషన్ పత్రం చూపుతారా? రాత్రివేళ ఎంతమంది పిల్లలకు ఒక ఆయా? ముందు చెప్పకుండా భోజనాల వేళ రావచ్చా? మూడవదానికి “కుదరదు” అంటే వెంటనే బిడ్డతో వెనక్కి రండి.

ఇక బంధువులకు ఒక మాట. ఇకమీదట “ఆశ్రమం” అనబోయే ముందు, వారంలో ఒక పూట ఆ బిడ్డను మీరు చూసుకోగలరేమో ఆ తల్లికి చెప్పండి.