చిట్టెలుక ప్రాణానికీ లెక్కుంది

గోదావరి డెల్టాలో ఎలుక మీద జాలిపడమంటే ఎవరైనా నవ్వుతారు. వరి పొట్టకొచ్చాక చేలో ఎలుకలు పడితే రైతుకు కంటి మీద కునుకుండదు. గట్ల వెంట బుట్టలు పెట్టిస్తాడు, నూకల్లో మందు కలిపి బొరియల దగ్గర వేయిస్తాడు. పంటను కాపాడుకోవడం తప్పని ఎవరూ అనరు. లేవీయకాండం కూడా ఎలుక జాతిని అపవిత్రమైన జీవుల్లోనే చేర్చింది (లేవీ 11:29). అయితే చేలో చంపే ఎలుక వేరు, మన రోగాల కోసం ప్రయోగశాలలో పుట్టించి, పెంచి, చంపే చిట్టెలుక వేరు. అది మనకే అపకారమూ చేయలేదు. పైగా మన జబ్బును తన ఒంటి మీద మోస్తోంది. దానిపట్ల విశ్వాసికి ఏమైనా బాధ్యత ఉందా?

ఈ ప్రశ్న మనకు దూరమైనదేమీ కాదు. బోదకాలు వ్యాధి మన గోదావరి జిల్లాలను తరతరాలుగా పీడించింది. దానికి వాడే డీఈసీ మందు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో బయటపడింది. అక్కడి పరిశోధనకు నాయకత్వం వహించినవారు 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు గుణం 1947లో లోకానికి తెలిసింది. దాన్ని మొదట పరీక్షించింది ఫైలేరియా జాతి పురుగులు సోకిన పత్తి ఎలుకల్లోనే. మన జిల్లావాసి చేతుల మీదుగా మన జబ్బుకు మందు వచ్చిందని గర్వపడతాం. మధ్యలో ప్రాణం పెట్టిన ఆ ఎలుకలు మాత్రం మనకు గుర్తుకు రావు.

ఆ రోజుల్లో శాస్త్రవేత్తలు తమకు కావలసిన జబ్బు సోకే జంతువును వెతుక్కునేవారు. ఇప్పుడు కావలసిన జబ్బు వచ్చేలా జంతువునే తయారుచేస్తున్నారు. చిట్టెలుకలో ఒక జన్యువును పనిచేయకుండా ఆపుతారు, లేదంటే మనిషి జన్యువును చేరుస్తారు. ఏ జన్యువు ఆగితే ఒంట్లో ఏం చెడుతుందో గమనించి దాని పని తెలుసుకుంటారు. చిట్టెలుకల్లో ఎంచుకున్న జన్యువును మార్చే పద్ధతికి బాటలు వేసిన మారియో కాపెక్కి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ బహుమతి లభించింది. చిట్టెలుక జన్యువుల్లో దాదాపు 99 శాతానికి మనిషిలో పోలిక ఉన్న జన్యువులున్నాయని 2002లో తేలింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీలోనూ ఇలాంటి చిట్టెలుకలను రూపొందిస్తారు. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు మామూలు చిట్టెలుకలకు ఆ వైరస్ సరిగా సోకలేదు. అప్పుడు, మనిషి కణంలోకి వైరస్‌కు తలుపులా ఉండే ప్రొటీన్ జన్యువును చేర్చి, సార్స్ పరిశోధన కోసం 2007 నాటికే తయారుచేసిన చిట్టెలుకలు అక్కరకొచ్చాయి.

ఇది దేవుని పనిలో వేలు పెట్టడం కాదా అని కొందరు విశ్వాసులు అడుగుతారు. రోగిని బాగుచేయడం కనికరంతో కూడిన పని. సువార్త రాసిన లూకా స్వయంగా వైద్యుడు (కొలొస్స 4:14). జీవులను ఏలే అధికారం మనిషికి దేవుడే ఇచ్చాడు (ఆది 1:28). కానీ అధికారం వేరు, సొంతదారు కావడం వేరు. భూమీ అందులోని సమస్తమూ యెహోవావే (కీర్తన 24:1). మనం గృహనిర్వాహకులం మాత్రమే. ఈ తేడా మరచిపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ చూడండి. సుబ్బారావు ఒకప్పుడు పనిచేసిన హార్వర్డ్ విశ్వవిద్యాలయమే, కేన్సర్ వచ్చేలా తయారుచేసిన చిట్టెలుక మీద 1988లో అమెరికాలో పేటెంటు పొందింది. అదే చిట్టెలుకకు పేటెంటు ఇవ్వడానికి కెనడా సుప్రీంకోర్టు 2002లో నిరాకరించింది. పద్ధతిని కనిపెట్టినవారికి దాని మీద హక్కుంటే ఉండవచ్చు. ఊపిరి పీల్చే ప్రాణి మాత్రం ఎవరి కల్పనా కాదు.

బిడ్డ మంచాన పడి మూలుగుతుంటే ఎలుక గురించి బాధేమిటి అనేవారూ ఉన్నారు. నిజమే, అనేక పిచ్చుకల కంటే మనమే శ్రేష్ఠులమని యేసుప్రభువే చెప్పాడు. కానీ దానికి ముందు ఆయన చెప్పిన మాటను వదిలేయకూడదు. అంగట్లో అతి చవకగా దొరికే పిచ్చుకల్లో ఒక్కదాన్ని కూడా దేవుడు మరచిపోడు (లూకా 12:6,7). మన విలువ ఎక్కువంటే, దానికి విలువే లేదని కాదు. నీనెవె మీద జాలిపడినప్పుడు దేవుడు అక్కడి పశువులను కూడా లెక్కలోకి తీసుకోలేదా (యోనా 4:11)?

కాబట్టి పరిశోధన ఆపేయాలని మనం కోరకూడదు, ఎలా జరిగినా మనకెందుకని ఊరుకోకూడదు. జంతువు లేకుండా పని జరిగే చోట జంతువును వాడవద్దని, తప్పనిసరైతే వీలైనంత తక్కువ వాటినే వాడాలని, వాటికి బాధ తగ్గించాలని రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1959లోనే చెప్పారు. మన దేశంలో 1960 నాటి జంతు సంరక్షణ చట్టం, 1998 నియమాల ప్రకారం నైతిక సంఘం అనుమతి లేకుండా ఇలాంటి ప్రయోగాలు చేయకూడదు. కొత్త మందుల పరీక్షల్లో మానవ కణాలతో చేసే పద్ధతులనూ ఉపయోగించుకునేలా 2023లో నియమాలను సవరించారు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతల గ్రంథం నేర్పిన పాఠానికి (సామెతలు 12:10) ఇవన్నీ దగ్గరివే.

మన సంఘాల్లో ఫార్మసీ, బయోటెక్నాలజీ చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. ప్రయోగం అవసరమా, జంతువుకు నొప్పి తగ్గించామా, రాసిన ఫలితం నిజమేనా అని వాళ్లు ప్రతిసారీ ప్రశ్నించుకోవాలి. దొంగ లెక్కలు రాస్తే ఆ ప్రాణం వృథాగా పోయినట్టే. కాపరులు వాళ్లతో ఈ సంగతులు మాట్లాడాలి.

మనవంతు కూడా ఉంది. 2004లో మొదలైన సామూహిక పంపిణీలో భాగంగా బోదకాలు నివారణ మాత్రలు మన జిల్లాల్లో ఇంటింటికీ వచ్చాయి. కార్యకర్త గుమ్మం దాటగానే వాటిని మూల పడేసిన ఇళ్లు లేకపోలేదు. వైద్య సిబ్బంది మింగవచ్చన్నాక కూడా మందును పారేయడమంటే మన ఆరోగ్యాన్నే కాదు, దాని వెనకున్న మనుషుల కష్టాన్ని, మూగజీవాల ప్రాణాన్ని కూడా పారేయడమే. దేవుడు సృజించినది ఏదైనా కృతజ్ఞతతో పుచ్చుకోవాలని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 4:4). భోజనానికి ముందు స్తోత్రం చెల్లించే మనం, మందు వేసుకునే ముందు కూడా చెల్లిద్దాం. ఆ స్తోత్రంలో పేరు లేని ఆ చిన్న ప్రాణులనూ తలుచుకుందాం.