ఎవరి నుంచి ఎవరికి ముప్పు?

పీలమేడులో మన తండ్రుల కాలంలో మిల్లు గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉండేవాడు. సంగు మోగేసరికి ఎవరు లోపలికి వచ్చారో, ఎవరు రాలేదో, ఎవరింట్లో పెళ్ళో, ఎవరింట్లో చావో అన్నీ అతనికి తెలుసు. ఇప్పుడు ఆ పాత మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. నడుస్తున్న చోట గేటు ఏజెన్సీల చేతికి పోతున్నది. కెమెరాలు వచ్చాయి, వేలిముద్రల మిషన్లు వచ్చాయి, వాటితోపాటు కొత్త మాటలూ వచ్చాయి. 'ప్రొటెక్టివ్ ఇంటెలిజెన్స్', 'థ్రెట్ అసెస్‌మెంట్' అనేవి వాటిలో రెండు. దాడి జరగకముందే సమాచారం సేకరించి కాపాడుకోవడం మొదటిది. ఎవరి వల్ల ఎంత ముప్పు ఉందో తూచి చూడడం రెండోది.

ఈ పని అక్కరలేదని మేము అనడం లేదు. నైట్ షిఫ్టు దిగి చీకట్లో నడిచిపోయే ఆడపిల్లకు కాపుదల కావాలి. బ్లో రూమ్‌లో పత్తికి నిప్పంటుకుంటే ఏ తలుపు తెరుచుకుంటుందో తెలియని కార్మికుడికి కావాలి. మేనేజరుకూ కావాలి, అతనూ సాయంత్రం ఇంటికి చేరవలసిన మనిషే. మా ప్రశ్న వేరు. ఈ తూకంలో తక్కెడ ఎవరి చేతిలో ఉంది? 'ముప్పు' అనే గడిలో ఎవరి పేరు రాస్తున్నారు?

2020 సెప్టెంబరులో అమెజాన్ కంపెనీ అమెరికాలో ఒక ఉద్యోగ ప్రకటన వేసింది. భద్రతా విభాగంలో సమాచారం సేకరించి విశ్లేషించే ఉద్యోగం అది. చేయవలసిన పనుల్లో, కార్మికులు సంఘం కట్టడం వల్ల కంపెనీకి వచ్చే ముప్పును కనిపెట్టడం కూడా ఒకటి. గొడవ కాగానే, ఆ వర్ణన సరికాదని, పొరపాటున పడిందని చెప్పి కంపెనీ దానిని తీసేసింది. పొరపాటుగానైనా ఆ వాక్యం ఎవరో ఒకరి బుర్రలోంచి రావాలి కదా!

బ్రిటన్‌లో 2009లో సమాచార కమిషనర్ అధికారులు ఒక చిన్న ఆఫీసును సోదా చేస్తే 3,213 మంది పేర్లతో రహస్య జాబితా దొరికింది. పెద్ద పెద్ద నిర్మాణ కంపెనీలు డబ్బిచ్చి నడిపించుకున్న ఆఫీసు అది. సంఘంలో పనిచేసినవారు, పనిచోట భద్రత లేదని ఫిర్యాదు చేసినవారు అందులో ఉన్నారు. తమకు పని ఎందుకు దొరకడం లేదో ఏళ్ళ తరబడి వారికి తెలియనే లేదు. ఒక మిల్లులో తీసేసిన మనిషికి పక్క మిల్లులో పని పుట్టకపోవడం మనం ఎరగనిదా?

కొత్త మాటల వెనక పాత సంగతి ఉంది. మనకు తూర్పున అవినాశి రోడ్డు మీదున్న చిన్నియంపాళయానికి చెందిన నలుగురు మిల్లు కార్మికులను 1946 జనవరి 8న కోయంబత్తూరు జైలులో ఉరితీశారు. రామయ్యన్, రంగణ్ణన్, వెంకటాచలం, చిన్నయ్యన్ వారి పేర్లు. కార్మికులను, ముఖ్యంగా స్త్రీలను వేధించిన ఒక రౌడీ హత్య కేసు అది అని మన ఉద్యమ చరిత్ర చెబుతుంది. ఆనాడు కార్మికుణ్ణి అదుపులో పెట్టడానికి రౌడీని వాడేవారు. ఈనాడు ఫైలు సరిపోతుంది.

అసలు ఈ విద్య తెలిసినవాళ్ళు ఏం చెబుతున్నారో చూడండి. అమెరికాలో అధ్యక్షుడికి కాపలా కాసే సీక్రెట్ సర్వీస్ వారు, 1949 నుంచి ప్రముఖుల మీద దాడి చేసిన, లేదా దాడి చేయడానికి దగ్గరిదాకా వెళ్ళిన 83 మంది గురించి పరిశోధించారు. 1990ల చివర ఫలితాలు ప్రకటించారు. ఆ 83 మందిలో, తాము గురిపెట్టిన మనిషినిగానీ పోలీసులనుగానీ ముందుగా నేరుగా బెదిరించినవారు పదో వంతు కూడా లేరు. కానీ చాలామంది తమ ఆలోచనను ఇంట్లోవాళ్ళకో స్నేహితులకో తోటి ఉద్యోగులకో చెప్పుకున్నారు, లేదా డైరీలో రాసుకున్నారు. బెదిరించేవాడు వేరు, ముప్పు తెచ్చేవాడు వేరు అని ఆ పరిశోధకులు తేల్చారు. అంటే గేటు మీటింగులో గొంతు చించుకుని నినాదం ఇచ్చేవాడి పేరు రాసుకున్నంత మాత్రాన ముప్పును పసిగట్టినట్టు కాదు. పక్క ఫ్రేమ్ దగ్గర మూడు నెలలుగా మాటా పలుకూ లేకుండా కుమిలిపోతున్నవాడిని ఎవరు చూస్తున్నారు? తోటి కార్మికులే చూస్తారు. వారు చెప్పాలంటే, చెప్పినందుకు పని పోదన్న నమ్మకం ఉండాలి.

మన కోయంబత్తూరులోనే పెరియనాయకన్‌పాళయం ప్రికాల్ ఫ్యాక్టరీలో 2009 సెప్టెంబరులో హెచ్.ఆర్. వైస్ ప్రెసిడెంట్ రాయ్ జార్జ్ దాడికి గురై మరణించారు. ఆ హత్యను మేము సమర్థించం, ఏ సంఘమూ సమర్థించకూడదు. కానీ అది ఉన్నట్టుండి ఊడిపడిన పిడుగు కాదు. యూనియన్ గుర్తింపు మీద 2007 నుంచి తగాదా నడుస్తున్నది, తొలగింపులు జరుగుతున్నాయి. ఊరంతటికీ తెలిసిన సంగతికి గూఢచారి ఎందుకు? 2015 డిసెంబరులో కోర్టు ఎనిమిది మంది కార్మికులకు రెండేసి యావజ్జీవ శిక్షలు వేసింది. 2017 జనవరిలో మద్రాసు హైకోర్టు వారిలో ఆరుగురిని నిర్దోషులని విడుదల చేసింది. ఆ ఆరు కుటుంబాలు పోగొట్టుకున్న ఏళ్ళను ఏ ముప్పు లెక్కలో వేస్తారు?

తెలుగు గడ్డ మీద యానాంలో ఇంకా ఘోరం జరిగింది. 2012 జనవరి 27న రీజెన్సీ సెరామిక్స్ కార్మికుల ఆందోళనపై పోలీసు చర్య తర్వాత యూనియన్ నాయకుడు మురళీమోహన్ మరణించారు. ఆ కోపంలో జరిగిన దాడిలో కంపెనీ ప్రెసిడెంట్ చంద్రశేఖర్ మరణించారు. ఒకే రోజు రెండు చావులు, ఆ పైన మూతపడిన ఫ్యాక్టరీ. జీతాల తగాదా అప్పటికే బహిరంగంగా నడుస్తున్నది. సమాచారం కొరవడి జరిగిన అనర్థం కాదిది. ఉన్న సమాచారాన్ని పోలీసు లాఠీకి అప్పగించారు, చర్చల బల్ల మీద పెట్టలేదు.

కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ సంగతి మన మిల్లుల్లో ప్రతివాడూ తెలుసుకోవాలి. 2012 సెప్టెంబరు 11న అక్కడ మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప చువ్వలు, తలుపులకు తాళాలు. కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి అంతర్జాతీయ ప్రమాణాల సర్టిఫికెట్ కూడా వచ్చింది! యజమానులు మామూలు ఇవ్వలేదని ముఠా మనుషులు నిప్పు పెట్టారని 2020లో అక్కడి కోర్టు తేల్చింది. బెదిరింపు యజమానికి, చావు కార్మికులకు. డబ్బు కోసం యజమానిని ఎవరైనా బెదిరిస్తే అది అతని సొంత వ్యవహారం కాదని ఇందువల్ల తెలుస్తున్నది. లోపల కూర్చుని పనిచేసేవాళ్ళకు ఆ సంగతి చెప్పాలి, తాళాలు తీయాలి. మన హాస్టళ్ళలో రాత్రి గేటుకు తాళం వేసి 'ఆడపిల్లల భద్రత కోసం' అనే వార్డెన్లకు ఈ వార్త ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

దిండిగల్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే యువ దళిత కార్మికురాలు 2021 జనవరిలో హత్యకు గురైంది. పోలీసులు అరెస్టు చేసింది అక్కడి సూపర్‌వైజర్‌నే. వేధింపుల గురించి తోటి స్త్రీలకు తెలుసు, చెప్పుకునే చోటు లేదు. ఆ తర్వాత తమిళనాడు టెక్స్‌టైల్ అండ్ కామన్ లేబర్ యూనియన్ పోరాడి, 2022 ఏప్రిల్‌లో దిండిగల్ ఒప్పందం సాధించింది. బట్టలు కొనే విదేశీ బ్రాండును కూడా కట్టిపడేసిన ఒప్పందం అది. కార్మికురాళ్ళనే తర్ఫీదు ఇచ్చి ఫ్లోర్ మీద మానిటర్లుగా పెట్టారు, ఫిర్యాదు చేసినవారిపై కక్ష సాధించరాదని రాసుకున్నారు. మొదటి ఏడాదిలో 185 ఫిర్యాదులు వస్తే 182 పరిష్కారమయ్యాయని నివేదిక చెబుతోంది. ముందుగా సమాచారం అందడం, ముప్పును అంచనా వేయడం అంటే ఇదే. దీనికి కెమెరా అక్కరలేదు.

చట్టం సంగతి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం 2005లో వచ్చింది. ఏజెన్సీకి లైసెన్సు, గార్డుకు శిక్షణ, పూర్వచరిత్ర తనిఖీ ఉండాలి. (గార్డు కూడా కార్మికుడే. పన్నెండు గంటలు నిలబెట్టి పనిచేయించుకునే వాడితో మనకు పగ లేదు.) సంఘంలో చేరితే పని తీసేస్తామని బెదిరించడం పారిశ్రామిక వివాదాల చట్టంలో అన్యాయమైన చర్య. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ జాబితా రెండో షెడ్యూలులో ఉంది. కానీ 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 7వ సెక్షన్, ఉద్యోగ అవసరాలకూ, యజమానిని నష్టం నుంచి కాపాడుకోవడానికీ ఉద్యోగి సమ్మతి లేకుండానే అతని సమాచారం వాడుకోవచ్చునంటున్నది. ఈ సందులోంచి ఏమేమి దూరుతాయో ఊహించడం కష్టం కాదు.

కనుక మేము అడిగేది ఇది. మిల్లులో ముప్పులను తూచే కమిటీ ఏదైనా ఉంటే అందులో యూనియన్ ప్రతినిధి, కనీసం ఒక స్త్రీ కార్మికురాలు ఉండాలి. బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన కార్మికుల భాష తెలిసినవాడు ఒకడు ఉండాలి. మన మీద ఫైలు ఉంటే దానిని మనకు చూపించాలి. సంఘం పని, గేటు మీటింగు, చందా వసూలు అందులో ముప్పుగా రాయకూడదు. షిఫ్టు నడుస్తుండగా ఏ తలుపుకూ తాళం ఉండకూడదు. వచ్చే చర్చల్లో బోనస్, బదిలీ కార్మికుల పర్మినెంట్ సమస్యతోపాటు వీటినీ పెడుతున్నాం. ఈలోగా ఏ గార్డయినా, ఏ ఆఫీసరయినా మీ సంఘం సంగతులు ఆరా తీస్తే తేదీ, షిఫ్టు, అడిగిన మాట కాగితం మీద రాసి డిపార్టుమెంటు కమిటీ సభ్యుడికి ఇవ్వండి. మీ పేరు బయటికి రాదు.