అంబర్‌పేట నాలా నుంచి ఆత్మకూర్ దాకా: పోలియో లేదుగా.. మళ్లీ చుక్కలెందుకు?

"పోలియో ఎప్పుడో పోయిందంటిరి కదా.. మరి ఇంకా ఈ చుక్కలెందుకు మేడమ్?" చుక్కల మందు డబ్బా పట్టుకుని ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు పాలమూరు పల్లెల్లో తరచూ వినే ప్రశ్న ఇదే. అడిగేవాళ్లది తప్పేం కాదు. 2009లో దేశంలో 741 పోలియో కేసులు. ఆ మరుసటి ఏడాది 42. 2011లో ఒకే ఒక్కటి, అదీ జనవరి 13న బెంగాల్‌లోని హౌరాలో. ఆ తర్వాత వైల్డ్ పోలియో కేసు ఒక్కటి కూడా రాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు పోలియో రహిత సర్టిఫికెట్ ఇచ్చేసింది.

మరి చుక్కలెందుకు? జవాబు కోసం 2016 జూన్‌లో హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడాలి.

నాలాలో దొరికిన వైరస్

అంబర్‌పేట నాలా నుంచి తీసిన మురుగునీటి శాంపిల్‌లో టైప్-2 పోలియో వైరస్ బయటపడింది. ఏ పిల్లాడికీ కాలు చచ్చుబడలేదు, ఏ ఆస్పత్రిలోనూ కేసు లేదు. అయినా సర్కారు ఉరుకులు పరుగులు పెట్టింది. జూన్ 20 నుంచి వారం రోజులు స్పెషల్ డ్రైవ్. ఆరు వారాల నుంచి మూడేళ్ల లోపు పిల్లలు 3 లక్షల 11 వేల మందికి పైగా ఇంజెక్షన్ టీకా వేశారు. టార్గెట్‌లో అది 94 శాతం. మామూలు డోసులో ఐదో వంతు, అంటే 0.1 మిల్లీలీటరు మాత్రమే చర్మం పొరలోకి ఇచ్చారు. ఒకరి టీకాతో ఐదుగురు పిల్లలకు పని జరిగిందన్నమాట.

ఒక్క కేసు కూడా లేకుండా ఇంత హడావుడి ఎందుకు చేశారు? పోలియో తీరే అంత. వైరస్ సోకిన 200 మందిలో సుమారు ఒక్కరికే కాళ్లు చచ్చుబడతాయి. ఎక్కువ మందికి ఏ లక్షణమూ ఉండదు, కొందరికి కాస్త జ్వరం, గొంతు నొప్పి వచ్చి పోతాయి. అంటే ఒక పిల్లాడు కుంటుతూ కనిపించాడంటే అప్పటికే ఆ చుట్టుపక్కల వందల మంది కడుపుల్లో వైరస్ తిరిగేసిందని లెక్క. కేసు వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అందుకే మురుగునీటిని పరీక్షిస్తారు.

ఎలా అంటుకుంటుంది?

నోట్లోంచి లోపలికి పోతుంది, పేగుల్లో పెరుగుతుంది, మలంలో వారాల తరబడి బయటికొస్తుంది. చేతులు కడుక్కోని తల్లి అన్నం కలిపినా, బహిర్భూమికి వాడే జాగా పక్కన పిల్లలు మట్టిలో ఆడినా, కలుషితమైన నీళ్లు తాగినా చాలు. ఎక్కువగా బలయ్యేది ఐదేళ్ల లోపు పిల్లలే. పక్షవాతం వచ్చిన వాళ్లలో 5 నుంచి 10 శాతం మంది శ్వాస కండరాలు పనిచేయక చనిపోతారు. వచ్చాక మందు లేదు.

(నల్గొండ వైపు వాళ్లకు ఓ మాట. ఫ్లోరైడ్ నీళ్లతో వంకర్లు పోయిన కాళ్లు వేరు, పోలియో కాలు వేరు. ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి ఎముకను వంచుతుంది. పోలియో కొద్ది రోజుల్లోనే కండరాన్ని చచ్చుబడేలా చేస్తుంది, కాలు మెత్తగా వేలాడుతుంది.)

ఊరికి రక్షణ ఎలా వస్తుంది?

ఇక్కడ చిన్న లెక్క. టీకాలు లేని ఊళ్లో వైరస్ సోకిన ఒక పిల్లాడు సగటున ఆరుగురికి అంటిస్తాడనుకుందాం. ఆ ఆరుగురిలో ఐదుగురికి ఇప్పటికే రక్షణ ఉంటే అది ఒక్కరికే పాకుతుంది. ఐదుగురి కంటే ఎక్కువ మందికి ఉంటే గొలుసు తెగిపోతుంది. అందుకే నిపుణులు 80 నుంచి 85 శాతం దాటాలంటారు. అప్పుడు టీకా అందని పసికందుకు కూడా చుట్టూ ఉన్నవాళ్లే గోడ.

కానీ సగటు మోసం చేస్తుంది. ఆత్మకూర్‌నే తీసుకోండి. సూర్యాపేట జిల్లాలో ఒకటి, యాదాద్రిలో ఒకటి ఉన్నాయి గానీ, మనం చెప్పేది జూరాల పక్కన వనపర్తి జిల్లాలో ఉన్న ఆత్మకూర్. ఇలాంటి మండలంలో వందకు 95 మంది పిల్లలకు చుక్కలు పడ్డాయనుకోండి, కాగితం మీద సూపర్. మిగిలిన ఐదుగురు ఊరంతా తలో చోట ఉంటే భయం లేదు. ఆ ఐదుగురూ ఒకే ఇటుక బట్టీ దగ్గర, ఒకే గుడిసెల వరుసలో ఉంటే? వైరస్‌కు కావాల్సింది అదే.

పాలమూరు వలస సంగతి మనకు కొత్త కాదు. గుంపు మేస్త్రీ వెంట ముంబై, పుణె వెళ్లే కుటుంబాల్లో పిల్లలు ఇక్కడి అంగన్‌వాడీ లిస్టులో ఉంటారు, మనుషులు అక్కడుంటారు. అక్కడి లిస్టులో పేరుండదు. ఇటు ఒరిస్సా నుంచి బట్టీలకు వచ్చే పిల్లలదీ అదే కథ. రెండు లిస్టుల మధ్య జారిపోయేది వీళ్లే. ఇందులో తల్లిదండ్రుల నిర్లక్ష్యం కంటే వ్యవస్థ లోపమే ఎక్కువ కనిపిస్తుంది.

చుక్కల్లోంచే వైరస్ వస్తుందా?

వాట్సాప్‌లో ఎక్కువ తిరిగే డౌట్ ఇది. దాచాల్సిన పని లేదు. చుక్కల మందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. అది పిల్లల పేగుల్లో రక్షణ కల్పిస్తుంది, మలంలో బయటికొచ్చి పక్కపిల్లలకూ కొంత రక్షణ ఇస్తుంది. అందుకే చుక్కలకు అంత శక్తి. అయితే టీకాలు తక్కువగా ఉన్న చోట ఇదే వైరస్ ఒకరి నుంచి ఒకరికి నెలల తరబడి తిరిగితే, రూపం మార్చుకుని మళ్లీ బలం పుంజుకోవచ్చు. అంబర్‌పేటలో దొరికింది ఇలాంటిదే. 2024 ఆగస్టులో మేఘాలయలోని వెస్ట్ గారో హిల్స్‌లో రెండేళ్ల బాబుకు వచ్చిందీ టీకా రకం వైరసే అని అధికారులు చెప్పారు. అంటే చుక్కలు మానేయడం దీనికి పరిష్కారం కాదు, అందరికీ వేయడమే.

టైప్-2 వైల్డ్ వైరస్ ప్రపంచం నుంచే పోయింది కాబట్టి 2016 ఏప్రిల్ 25న మన చుక్కల్లోంచి టైప్-2ను తీసేశారు. ఆ లోటును ఇంజెక్షన్ పూడుస్తుంది. అది పక్షవాతం రాకుండా బాగా ఆపుతుంది గానీ, పేగుల్లో వైరస్ తిరగడాన్ని పూర్తిగా ఆపలేదు. అందుకే రెండూ కావాలి. ఇప్పుడు పుట్టగానే, 6, 10, 14 వారాలకు చుక్కలు, ఏడాదిన్నర ప్రాంతంలో బూస్టర్. ఇంజెక్షన్ 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. మూడో ఇంజెక్షన్ 2023 జనవరి నుంచి కలిసింది. అంతకు ముందు పుట్టిన పిల్లల కార్డులో అది కనిపించకపోతే కంగారు పడొద్దు.

పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో వైల్డ్ వైరస్ ఇంకా ఉంది. దానికి పాస్‌పోర్టు అక్కర్లేదు. 2022లో లండన్, న్యూయార్క్ మురుగునీటిలోనూ పోలియో వైరస్ దొరికింది.

15 ఏళ్ల లోపు పిల్లలకు హఠాత్తుగా చెయ్యో కాలో మెత్తబడితే ఆలస్యం చేయకుండా సర్కారు దవాఖానకు తీసుకెళ్లండి. 14 రోజుల లోపు రెండుసార్లు మలం శాంపిల్ తీసి పరీక్షిస్తారు, పైసా ఖర్చు లేదు. వలస వెళ్లే వాళ్లు టీకా కార్డు వెంట తీసుకెళ్లండి. ఒకవేళ కార్డు పోయినా ఫర్వాలేదు. ఎక్కడున్నా దగ్గరున్న సబ్ సెంటర్‌లో ఏఎన్ఎంను అడగండి, టీకాకు ఊరు అడ్డు కాదు.