రక్తం మనది, రిపోర్టు ఎవరిది?

పటమటలో ఆదివారం సాయంత్రాలు మేము కొందరం ఒకచోట కూర్చుంటాం. నర్సింగ్ చదివే పిల్లలు, లా కాలేజీ పిల్లలు, మున్సిపాలిటీలో పారిశుధ్య పని చేసే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు. వారంలో చదివిందీ విన్నదీ మాట్లాడుకోవడం అలవాటు. మొన్నామధ్య ఒక పిన్ని మడతలు పడ్డ కాగితాలు తెచ్చి మా ముందు పెట్టింది. నాలుగు పేజీలు, అన్నీ ఇంగ్లీషు, చివర ఆమె వేలిముద్ర. షుగర్ చూపించుకోడానికి ఒక ఆస్పత్రికి వెళ్తే ఎప్పుడూ తీసేదానికంటే రెండు ట్యూబులు ఎక్కువ రక్తం తీశారట. ఎందుకు బాబూ అంటే "స్టడీ కోసం అమ్మా" అన్నారట. ఆ స్టడీ దేని గురించో, ఆమె రక్తంలో ఏం కనపడిందో ఏడాది దాటినా ఎవరూ చెప్పలేదు. "నా నెత్తురు చదువుకుంది గానీ, నాకే చదువు రాలేదురా" అని నవ్వింది.

ఆ మాట మమ్మల్ని వదల్లేదు. వైద్య పరిశోధన గురించి మన ఉద్యమాల్లో రెండే స్వరాలు వినిపిస్తుంటాయి. ఒకటి, "మనల్ని ఎలుకల్లా వాడుకుంటున్నారు, సూది దగ్గరికే వెళ్లొద్దు" అనేది. రెండోది, "సైన్స్ విషయంలో మనకేం తెలుసు, డాక్టర్లు చూసుకుంటారు" అనేది. రెండింటితోనూ మాకు పేచీ ఉంది. పరిశోధన మన వాడకు రావాలి. కానీ వచ్చినప్పుడు మనకు అర్థమయ్యే భాషలో అడిగి రావాలి, తేలిందేమిటో తిరిగొచ్చి చెప్పాలి. ఇన్నాళ్లూ ఆ తిరుగు ప్రయాణమే జరగలేదు.

పటమట నుంచి ఆటో ఎక్కితే పది నిమిషాల్లో హెల్త్ యూనివర్సిటీ వస్తుంది. 1986లో మొదలైన ఈ విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ అన్నారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ అన్నారు. పేరు మీద జరిగిన రభసలో వందో వంతు అక్కడికి చేరే థీసిస్‌ల మీద జరిగి ఉంటే బాగుండేది. రాష్ట్రంలో ఎండీ, ఎంఎస్ చదివే ప్రతి విద్యార్థీ ఒక థీసిస్ రాయాలి. దానికి రోగులు కావాలి. ఆ రోగులు ఎక్కడ దొరుకుతారు? కార్పొరేట్ ఆస్పత్రి ఏసీ గదిలో కాదు, జనరల్ ఆస్పత్రి ఓపీ లైన్లో. పురుగుమందు తాగిన కౌలు రైతు, పాము కరిచిన కూలీ, రక్తం లేని బాలింత, టీబీతో ఎముకల గూడైన హమాలీ. ఆ లైన్లో నిలబడేది ఎవరో మనకు వేరే చెప్పక్కర్లేదు. ఆ థీసిస్‌లలో మంచివి ఉంటాయి. వాటితో డాక్టర్లు తయారవుతారు, కాదనం. కానీ ఆ పుస్తకంలో అంకెగా మారిన మనిషికి ఆ అంకె ఏమిటో తెలియాలా వద్దా?

ఈ ప్రశ్నకు మన తెలుగు నేల మీద అన్నింటికంటే పెద్ద ఉదాహరణ భద్రాచలం. అప్పటి ఖమ్మం జిల్లాలో 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన ప్రాజెక్టు అది. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. మన దగ్గర సుమారు 14 వేల మంది, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సుమారు 10 వేల మంది. చాలామంది ఆదివాసీ, దళిత పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకునేవాళ్లు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు గొంతెత్తాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు.

ఇక్కడ మనం జాగ్రత్తగా మాట్లాడాలి. ఆ మరణాలకు టీకాయే కారణమని తేలలేదు. విచారణ కమిటీ వాటికి టీకాతో సంబంధం లేదనే చెప్పింది. కానీ 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో బయటపెట్టిన లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. 1,948 పత్రాల మీద ఉన్నది వేలిముద్ర. తల్లిదండ్రులు కూలికి పోయి ఎక్కడో ఉంటే, వాళ్ల బిడ్డ ఒంటి మీద నిర్ణయం వార్డెన్ పెన్ను తీసుకుంది. సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదివిన మాలో సగం మందికి ఇది కొత్తగా అనిపించలేదు. అక్కడ మన తరఫున అన్నీ వార్డెనే సంతకం పెడతాడు గదా.

ఈ కథలో అంతగా తెలియని రెండో సగం ఉంది. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం దేశంలోని తొమ్మిది చోట్ల ఇదే టీకా మీద వేరే అధ్యయనం నడుపుతోంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి కూడా అందులో ఉంది. టీకా రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది వాళ్ల ప్రశ్న. భద్రాచలం గొడవతో ప్రభుత్వం ఆ టీకాలు కూడా ఆపించింది. దాంతో సుమారు 5 వేల మంది ఆడపిల్లలు ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. శాస్త్రవేత్తలు వాళ్లను వదిలేయకుండా పదేళ్లు వెంట ఉండి చూశారు. 2021లో ఫలితం అచ్చయింది: అసలు ప్రమాదకరమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్ట వేయకుండా ఒక్క డోసు 95 శాతం కాపాడింది, మూడు డోసులతో సమానంగా. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు సరిపోతుందని చెప్పడానికి ఆధారమైన వాటిలో ఈ ఫలితం ఒకటి. ఇవాళ ఆఫ్రికాలోని పేద దేశాలు తక్కువ ఖర్చుతో ఎక్కువ మంది పిల్లలకు టీకా వేయగలుగుతున్నాయంటే, దాని వెనుక భద్రాచలం హాస్టళ్ల దగ్గర మొదలైన అలజడి కూడా ఉంది.

టీకా మంచిదే. అడిగిన తీరు అన్యాయం. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం మన వక్తలకు ఇబ్బంది, ఒక నినాదంలో ఇమడవు కాబట్టి. కానీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎక్కువగా చంపేది పేద ఆడవాళ్లనే. భద్రాచలం పేరు చెప్పి మన వాడలో టీకా వద్దని ప్రచారం చేస్తే నష్టపోయేది మళ్లీ మన పిల్లలే. ఆ నష్టానికి మొదటి బాధ్యత, నమ్మకాన్ని చెడగొట్టిన ఆ 2,763 సంతకాలది. ఆ కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2018 మే నెలలో రాజ్యాంగ ధర్మాసనం కల్పనా మెహతా కేసులో తీర్పిస్తూ, పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులు చూడవచ్చా అన్న పెద్ద ప్రశ్నను తేల్చింది. చూడవచ్చంది. లా విద్యార్థులు ఆ తీర్పును రాజ్యాంగం పాఠంగా చదువుతారు. దాని వెనకున్న ఆడపిల్లలు ఆ పాఠంలో కనపడరు.

ఏలూరు మనకు ఇంకా దగ్గర, కృష్ణా కాలువ వెంట పోతే వచ్చే ఊరు. 2020 డిసెంబరు 5 నుంచి కొద్ది రోజుల్లోనే వన్ టౌన్ ప్రాంతంలో ఆరు వందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. దక్షిణపు వీధి, కొత్తపేట, అరుంధతీపేట. ఆఖరి పేరు వింటే అక్కడ ఉండేది ఎవరో తెలిసిపోతుంది. కొందరిని విజయవాడ ఆస్పత్రికి కూడా తెచ్చారు. ఢిల్లీ ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ బృందం, ఒకరని కాదు, అందరూ వచ్చారు. రక్తం, నీళ్లు, పాలు, కూరగాయలు, అన్నీ సీసాల్లో నింపుకుని వెళ్లారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమన్నారు. అవి ఒంట్లోకి ఏ దారిన వచ్చాయన్నది ఇంకా పరిశోధించాలన్నారు. కెమెరాలు వెళ్లిపోయాయి. ఆ పేటల్లో ఒక్కో మనిషికీ "నీ రక్తంలో ఇంత సీసం ఉంది, నీ బిడ్డకు ఇంత ఉంది, ఇక మీదట ఇది చూసుకో" అని తెలుగులో రాసిన కాగితం ఇంటింటికీ చేరి ఉండాల్సింది. సీసం పిల్లల మెదడుకు చేసే హాని మూర్ఛ తగ్గగానే పోదు.

ఇక 2025లో గుంటూరు పక్కన తురకపాలెం. నెలల వ్యవధిలో వరుసగా మనుషులు జ్వరంతో చనిపోతుంటే ఊరంతా వణికింది. సెప్టెంబరులో ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి అన్నది. అప్పుడే మెలియోయిడోసిస్ అన్న పేరు తెలుగు టీవీల్లో నలిగింది. యాంకర్లు దాన్ని అంతుచిక్కని కొత్త రోగం అన్నారు. కొత్తదేమీ కాదు. 1911లో రంగూన్‌లో విట్‌మోర్ అనే డాక్టర్ దాన్ని మొదట గుర్తించాడు, దిక్కులేని పేదల శవాల్లో. ఆ రోజుల్లో రంగూన్ రేవులో మూటలు మోసింది మన తీరం నుంచి ఓడెక్కి వెళ్లిన తెలుగు కూలీలే.

ఈ రోగం తెచ్చే బ్యాక్టీరియా బురదలో, మట్టిలో, నిలవ నీళ్లలో ఉంటుంది. కాలి పగుళ్ల నుంచి, చిన్న గాయం నుంచి లోపలికి పోతుంది. షుగర్ ఉన్నవాళ్లను ఎక్కువగా పట్టుకుంటుంది. ఊపిరితిత్తులకు పాకితే టీబీలా కనపడుతుంది, టీబీ మందులు వాడతారు, తగ్గదు. రక్తం కల్చర్ చేసి, ఆ సూక్ష్మజీవిని గుర్తుపట్టగల ల్యాబు ఉంటేనే దొరుకుతుంది. దొరికితే సెఫ్టాజిడిమ్ సూది కనీసం పది పద్నాలుగు రోజులు, తర్వాత నెలల తరబడి కోట్రిమోక్సజోల్ మాత్ర. ఆ మాత్ర అతి చవక. 2016లో అంతర్జాతీయ శాస్త్రవేత్తలు వేసిన అంచనా ప్రకారం ఏటా ప్రపంచంలో 1 లక్షా 65 వేల మందికి ఈ రోగం వస్తుంది, 89 వేల మంది చనిపోతారు. దక్షిణాసియాదే పెద్ద వాటా.

ఇప్పుడు కృష్ణా డెల్టాలో దమ్ము చేసిన చేలో ఊడ్పులు ఊడ్చే ఆడవాళ్లను తలుచుకోండి. మోకాలి లోతు బురద, వట్టి కాళ్లు, పగిలిన మడమలు, నలభై దాటితే చాలామందికి షుగర్. పాఠ్యపుస్తకంలో ఈ రోగానికి గురయ్యే మనిషి బొమ్మ వేయమంటే సరిగ్గా ఆమెనే వేయాలి. నూరేళ్ల కిందట తెలిసిన సంగతి ఆమె వెళ్లే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఇంకా చేరలేదు. తురకపాలెంలో ఎవరు దేనివల్ల పోయారన్న చర్చ వేరు. ఊడ్పుల కాలంలో తగ్గని జ్వరంతో షుగర్ ఉన్న కూలీ వస్తే రక్తం కల్చర్‌కు పంపాలన్న ఒక్క వాక్యం డెల్టాలోని ప్రతి పీహెచ్‌సీ గోడ మీద ఉండొచ్చు గదా. గమ్ బూట్ల ఖర్చు ఎంతని?

తిరిగిచ్చే పరిశోధన అసాధ్యమా అంటే కాదు. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు జరిగిన రేషన్స్ అధ్యయనం ఉంది. డాక్టర్లు అనురాగ్ భార్గవ, మాధవి భార్గవ బృందం చేసింది. 2,800 మంది టీబీ రోగులు, వాళ్ల ఇళ్లలోని పది వేలకు పైగా మనుషులు. రోగులందరికీ తిండి సామాను ఇచ్చారు. సగం ఊళ్లలో ఇంట్లోవాళ్లకు కూడా తలకు నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అలా ఇచ్చిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. 2023 ఆగస్టులో లాన్సెట్‌లో అచ్చయింది. ఆకలే రోగమని మన అమ్మమ్మలు ఎప్పుడూ చెప్పేదే, అయినా అంకెతో చెబితే గానీ ప్రభుత్వం వినదు. పరిశోధన జరుగుతున్న రోజుల్లోనే ఆ ఇళ్లలో పొయ్యి వెలిగింది, మాకు అది ముఖ్యం. 2024 నవంబరు నుంచి టీబీ రోగికి కేంద్రం ఇచ్చే నెల సాయం 500 నుంచి 1,000 రూపాయలైంది. మన వాడల్లో అది అందనివాళ్లు ఉంటే అడగాల్సింది మనమే.

ఇంకో మాట. పరిశోధన పత్రాల్లో రోగి వయసు ఉంటుంది, బరువు ఉంటుంది, బీడీ తాగుతాడా లేదా ఉంటుంది. కులం గడి చాలావాటిలో ఉండదు. అది పెట్టి చూసినచోట ఏం కనపడింది? 2022లో అచ్చయిన ఒక అధ్యయనం ఉత్తర, తూర్పు భారతంలోని తొమ్మిది రాష్ట్రాల లెక్కలు తీసింది. పై కులాల హిందువుల కంటే దళితుల ఆయుర్దాయం 3 ఏళ్లకు పైగా, ఆదివాసీలది 4 ఏళ్లకు పైగా తక్కువ. డబ్బు లేకపోవడం ఒక్కటే ఆ తేడాలో సగాన్ని కూడా వివరించలేకపోయింది. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, ఎందుకంటే ఆ సర్వే ఇక్కడ జరగలేదు. గడి పెడితే కులాన్ని పెంచినట్టు అవుతుందని ఒక ప్రొఫెసర్ మాతో వాదించారు. ఓపీ చీటీ రాసేటప్పుడు మా ఇంటిపేరు, పేట పేరు అడిగి మొహం మార్చుకునేవాళ్లకు గడి అవసరం లేదు సార్, మాకు అవసరం అన్నాం.

చట్టంలో మనకు పనికొచ్చేవి ఉన్నాయి. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్‌లో చేరిన మనిషికి సమాచార పత్రం, సంతకం చేసిన అంగీకార పత్రం ప్రతి ఇవ్వాలి. చదవలేని మనిషైతే సంస్థతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి, సగం మంది బయటివాళ్లు కావాలి, ఒక సామాన్య వ్యక్తి ఉండాలి. ఈ "సామాన్య వ్యక్తి" ఎవరు? మన ఊరి కమిటీల్లో ఆ కుర్చీలో కూర్చున్నది రిటైరైన బ్యాంకు మేనేజరా, పారిశుధ్య కార్మికురాలా? సమాచార హక్కు కింద ప్రభుత్వ వైద్య కళాశాలలను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. దక్షిణాఫ్రికాలో శాన్ ఆదివాసులు 2017లో తమ సొంత పరిశోధన నియమావళి రాసుకున్నారు. మా దగ్గరికి వస్తే ముందు మమ్మల్ని అడగండి, తేలింది మాకు తిరిగి చెప్పండి అన్నారు. చదువురానివాళ్లని ప్రపంచం అనుకునే జనం రాసుకున్న కాగితం అది.

పిన్ని తెచ్చిన నాలుగు పేజీలను నర్సింగ్ పిల్లలు తెలుగులోకి మార్చారు. మూడో పేజీలో ఒక వాక్యం ఉంది: రక్త నమూనాను ముందు ముందు వేరే పరిశోధనలకు కూడా వాడుకోవచ్చు. ఆమెకు చదివి వినిపిస్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ వాక్యం కింద పెన్నుతో గీత గీయమంది. చివరి పేజీలో ఎథిక్స్ కమిటీ కార్యదర్శి ఫోన్ నంబరు ఉంది. సోమవారం పదిన్నరకు ఆమె డ్యూటీ దిగాక, మాలో ఇద్దరం ఆమెతో కలిసి ఆ నంబరుకు ఫోన్ చేయబోతున్నాం. మాట్లాడేది మాత్రం తానేనంది.