సంస్కృత విద్యార్థికి విదేశభాష ఏది?

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాటి నుండి కళాశాలలు తెరచు నాటి వరకు తలిదండ్రుల నోట ఏటేట ఒక ప్రశ్న వినబడుచుండును. పిల్లవానికి రెండవ భాషగా దేనిని తీసికొనవలెను? తెలుగా, హిందీయా, సంస్కృతమా, ఫ్రెంచియా? ఈ ప్రశ్న వెనుక దాగియున్న అసలు ప్రశ్న మరియొకటి. దేనిలో మార్కులు సులభముగా వచ్చును? తెలంగాణ ఇంటర్మీడియేట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదువువానికి రెండేండ్లకు కలిపి 1000 మార్కులు. అందు ద్వితీయ భాషకు 200. ఈ లెక్క చూచియే వేలకొలది విద్యార్థులు దశాబ్దములుగా సంస్కృతమును ఎన్నుకొనుచున్నారు. వారిలో పెక్కుమంది రెండవ యేటి పరీక్ష ముగిసిన నాడే ఆ పుస్తకమును మూయుదురు, మరల తెరువరు. సంస్కృతము తీసికొనువారి సంఖ్య పెరిగినది గాని సంస్కృతము తెలిసినవారి సంఖ్య పెరుగలేదు.

ఇందుకు పిల్లలను నిందింపను. కాని మన శాస్త్రములలో ఏ గ్రంథమునైనను ఆరంభించుటకు ముందు అనుబంధ చతుష్టయమును విచారించుట పరిపాటి. విషయమేమి? ప్రయోజనమేమి? అధికారి యెవడు? ఈ మూడింటికి సంబంధమేమి? తర్కసంగ్రహము మొదలు పెట్టు బాలునికి సైతము చెప్పు ఈ మాటను భాషను ఎన్నుకొనునప్పుడు మనము మరచుచున్నాము. అందరు విద్యార్థుల సంగతి ఈ చిన్న వ్యాసమున తేలునది కాదు. కళాశాలలో సంస్కృతమునే ప్రధానముగా చదువబోవు విద్యార్థిని మాత్రమే ఇక్కడ తీసికొందును. వాడు ఉన్నత పాఠశాలలో ఉండగానే ఒక విదేశభాషను ఆరంభింపవలెనన్నచో అది యేది? జర్మను అని నా అభిప్రాయము. కారణములు చెప్పెదను.

ముందుగా పూర్వపక్షములు రెండు. సంస్కృతము చదువువానికి విదేశభాషతో పనియేమి అనునది మొదటిది. ఆంగ్లము ఉండగా మరియొకటి ఎందుకు అనునది రెండవది.

మొదటిదానికి సమాధానము మన మీమాంసలోనే ఉన్నది. పస్పశాహ్నికమును చూపి మ్లేచ్ఛభాషను నేర్వరాదని కొందరు వాదింతురు. అచ్చట భాష్యకారుడు నిషేధించినది అపశబ్ద ప్రయోగమునే గాని పరభాషా జ్ఞానమును కాదు. పికనేమాధికరణమును చూడుడు. పిక, నేమ, తామరస మొదలగు శబ్దములకు ఆర్యులలో అర్థము ప్రసిద్ధము కానిచో, మ్లేచ్ఛులలో ప్రసిద్ధమైన అర్థమునే గ్రహింపవలెనని శబరస్వామి సిద్ధాంతీకరించినాడు. వేదార్థ నిర్ణయమునకే పరభాషాజ్ఞానము ప్రమాణముగా అంగీకరింపబడినప్పుడు, వేదార్థమును గూర్చి పరులు వ్రాసినదానిని చదువుటకు దోషమెట్లు వచ్చును?

ఇక రెండవది. నేడు మన కళాశాలలన్నిటిలో వాడుకలోనున్న మోనియర్ విలియమ్స్ నిఘంటువు మొదట 1872లోను, పెంచి దిద్దిన కూర్పుగా 1899లోను వెలువడినది. దానికి ఆధారమైన మహాగ్రంథము బోట్లింకు, రోతు పండితులు కూర్చిన సంస్కృత–జర్మను నిఘంటువు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున 1855 మొదలు 1875 వరకు ఏడు సంపుటములుగా అచ్చయినది. ఒక్కొక్క పదము ఏ గ్రంథమున, ఏ స్థలమున, ఏ అర్థమున ప్రయుక్తమైనదో అందు చూపినారు. ఆంగ్ల నిఘంటువులో అర్థములు పెక్కు నిలిచినవి గాని ఆ ప్రయోగస్థలములలో అధికభాగము జారిపోయినది. అర్థమును నమ్మవలెనా, ప్రయోగమును పరీక్షింపవలెనా అను ప్రశ్న వచ్చినప్పుడు పరిశోధకుడు తిరిగి జర్మను సంపుటములనే ఆశ్రయింపక తప్పదు.

కొన్నియేండ్ల క్రిందట పరిశోధన చేయుచున్న ఒక శిష్యుడు ఆ నిఘంటువులోని ఒక పుటకు నకలు తీసికొని నా యొద్దకు వచ్చినాడు. నాగరలిపిలోనున్న ప్రయోగములన్నియు నాకు పరిచితములే. కొన్నింటి పూర్వాపరములు పుస్తకము చూడకయే చెప్పినాను. కాని వాని నడుమ జర్మనులో నిఘంటుకారుడు చేసిన నిర్ణయము ఏమిటో మా యిద్దరికిని తెలియలేదు. మా పాఠశాలలో అట్టి భాషకు అవకాశమే లేని కాలము నాది. నేటి విద్యార్థికి ఆ మాట చెల్లదు. అవే సంపుటములు నేడు కొలోను విశ్వవిద్యాలయమువారి కృషి వలన కంప్యూటరులో ఎవరికైనను ఉచితముగా లభించుచున్నవి. తలుపు తెరచియున్నది, లోపల మాటాడు భాష మాత్రము జర్మనే.

నిఘంటువొక్కటియే కాదు. ఋగ్వేద పదములన్నిటికి గ్రాస్‌మను 1875లో ముగించిన కోశము, 1896లో మొదటి సంపుటము వెలువడిన వాకర్‌నాగెలు సంస్కృత వ్యాకరణము, బోట్లింకు జర్మను అనువాదముతో 1887లో ప్రకటించిన పాణినీయము, హార్వర్డు ప్రాచ్య గ్రంథమాలలో 1951లో వచ్చిన గెల్డ్‌నరు ఋగ్వేదానువాదము, ఇవన్నియు ఆ భాషలోనివే. వీనిలోని అభిప్రాయములన్నియు గ్రాహ్యములని నేననను. సాయణాచార్యుని త్రోసిపుచ్చి రోతు చేసిన వ్యాఖ్యలలో మన సంప్రదాయమునకు సమ్మతము కానివి పెక్కు గలవు. ఖండింపవలసినవి ఖండింపవలసినదే. కాని పూర్వపక్షమును పూర్వపక్షి మాటలలో చదువకుండ సిద్ధాంతము చెప్పుట మన సంప్రదాయము కాదు. బౌద్ధుల గ్రంథములను క్షుణ్ణముగా చదివియే ఉదయనాచార్యుడు వారికి సమాధానము చెప్పినాడు. ఆంగ్లమున ఎవరో చేసిన సంగ్రహమును చూచి జర్మను పండితుని ఖండించుట ఉదయనుని మార్గమగునా?

అందరికిని జర్మనేనా అని అడుగవచ్చును. విషయమును బట్టి భేదము కలదు. శైవాగమములను చదువదలచినవానికి ఫ్రెంచి ముఖ్యము. పాండిచ్చేరిలో 1955లో నెలకొన్న ఫ్రెంచి సంస్థ ఆగమముల తాళపత్రములను సేకరించి, పరిష్కరించి ప్రకటించినది. పాణినీయమును గూర్చి లూయీ రెనూ వ్రాసినదియు ఫ్రెంచిలోనే. గోదావరీ తీరమున మన నడుమనున్న యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. కనుక ఆ భాష తెలుగువారికి మరీ దూరపుది కాదు. బౌద్ధన్యాయము చదువువానికి టిబెట్టు భాష అవసరము. ధర్మకీర్తి ప్రమాణవినిశ్చయము చిరకాలము టిబెట్టు అనువాదముననే నిలిచి, దాని మొదటి రెండు పరిచ్ఛేదముల సంస్కృత మూలము 2007లో గాని అచ్చు కాలేదు. అయినను వేదము, వ్యాకరణము, కోశము అను మూడింటికిని పనికివచ్చునది జర్మను. పదునాలుగేండ్ల బాలుడు తాను ఏ శాస్త్రమున నిలుచునో ఇంకను ఎరుగడు. కనుక ఎక్కువ ద్వారములను తెరచు భాషను ముందు ఇచ్చుట ఉచితము.

అధికారి విషయము. సంస్కృత బాలునికి జర్మను కష్టమని భయపడువారు గలరు. నిజమునకు ఆంగ్లము మాత్రమే తెలిసిన బాలునికంటె వీనికే అది సులభము. ఎనిమిది విభక్తులు కంఠస్థమైనవానికి నాలుగు విభక్తులు భారమగునా? మూడు లింగములు వానికి క్రొత్త కాదు; అర్థమును బట్టి గాక శబ్దమును బట్టి లింగముండుటయు క్రొత్త కాదు. జర్మనులో 'ష్టేయెన్' అనగా నిలుచుట. మన 'స్థా' ధాతువునకు అది జ్ఞాతి. దానికి 'ఔఫ్' అను ఉపసర్గ చేర్చినచో లేచుట అని అర్థము. మన 'ఉత్' పూర్వక 'స్థా' ధాతువు వంటిదే. వాక్యములో ఆ 'ఔఫ్' ధాతువును విడిచి చివరకు పోవును. వేదములో ఉపసర్గ ధాతువునకు దూరముగా నిలుచుటను పాణిని వలన ఎరిగిన బాలునికి ఇది వింత కాదు. సమాసములున్నవి, 'హాంట్' అనగా చేయి, 'షూ' అనగా పాదరక్ష, రెండును కలిసి చేతితొడుగు. ఈ సంబంధములను చూపి చెప్పు గురువు దొరకినచో, ధారణ తీవ్రముగానుండు ఆ వయస్సున రెండేండ్లలో పఠనజ్ఞానమునకు గట్టి పునాది పడును. మాటాడుట ఆ తరువాతి సంగతి.

విచారకరమైన విషయమేమనగా, ఈ రెండు భాషలను మన దేశమున పరస్పర శత్రువులుగా నిలిపినారు. 2014లో కేంద్రీయ విద్యాలయములలో ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు తృతీయ భాషగానున్న జర్మనును చదువు సంవత్సరము నడుమ తొలగించి సంస్కృతము మొదలగు భారతీయ భాషలను ఉంచినప్పుడు మనవారు కొందరు సంతోషించిరి. నాకు సంతోషము కలుగలేదు. ఒక భాష పోయిన ఖాళీలో బలవంతముగా కూర్చుండబెట్టిన భాష పిల్లలకు ప్రియమగునా? సంస్కృత కోశమునకు ఇరువది యేండ్లు వెచ్చించిన భాషను తొలగింపవలదని సంస్కృతజ్ఞులే ముందుగా చెప్పియుండవలసినది. 2020 జాతీయ విద్యావిధానము సంస్కృతమును విద్య యొక్క అన్ని స్థాయిలలో ఐచ్ఛికముగా పేర్కొని, మాధ్యమిక దశలో జర్మను, ఫ్రెంచి, జపాను మొదలగు విదేశభాషలకును చోటు చూపినది. రెండును కలిసి నడచుటకు అభ్యంతరము లేదు. ఆ కలయికను కోరవలసినవారము మనమే.

ఖర్చు మాట వచ్చును. ప్రాచ్య కళాశాలలకు అధ్యాపకుల నియామకమే దుర్లభమైన ఈ రోజులలో జర్మను అధ్యాపకుని ఎచ్చటి నుండి తెత్తురని అడుగుదురు. క్రొత్త పదవి అక్కరలేదు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జర్మను, ఫ్రెంచి నేర్చినవారు ఏటేట బయటికి వచ్చుచున్నారు. వారిలో ఒకరిని వేసవిలో నలువది దినములు పిలిపించుట కష్టము కాదు. ప్రాచ్య ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతి నుండి వారమునకు రెండు గంటలు చాలును. పరీక్ష వలదు, మార్కులు అసలే వలదు. అక్షరములు, విభక్తులు, క్రియారూపములు పట్టుబడిన పిమ్మట దినమునకు నిఘంటువులోని ఒక పదవివరణమును సంస్కృతాధ్యాపకుడును విద్యార్థులును కలిసి చదువవచ్చును. ఆ చదువులో గురువు సైతము విద్యార్థియగును. అందులో చిన్నతనమేమియు లేదు.

ఇట్లు పది పాఠశాలలలో ఒక్కొక్కచోట ఇద్దరు తయారైనను, పదేండ్లలో శాస్త్రమును గురుముఖమున చదివి, పాశ్చాత్యుల మూలమును స్వయముగా చూడగల యువపండితులు తెలుగునాట కొందరుందురు. అట్టివారు లేనందువలననే మన శాస్త్రార్థములపై తుది మాట ఇతరులదగుచున్నది. ప్రాచ్య కళాశాలల ప్రధానాచార్యులు రానున్న వేసవికైనను ఈ విషయమును విచారణకు తీసికొందురు గాక.