ప్రశ్న సరైనదే, అడిగింది ఎవరిని?



ఛందోవ్యాకరణాలు తప్ప మరొకటి ఎరుగని తెలుగు పండితుడు లోహాలను కోసే యంత్రాల గురించి రాయడమేమిటని మీకు తోచవచ్చు. నాకూ మొదట అలాగే తోచింది. అయితే దసరాకు కల్వకుర్తి వచ్చిన నా పూర్వవిద్యార్థి ఒకడు మా అరుగు మీద కూర్చుని, జేబులోంచి కాగితపు పొట్లం తీసి విప్పాడు. అందులో విరిగిన కత్తి ముక్కలు రెండు, చిటికెడు లోహపు రజను ఉన్నాయి.

"సార్, దీనికి నా జీతంల పట్టుకున్నరు. నంబర్లు నేను పెట్టినవి కావు, కంప్యూటర్ చెప్పినవి. నన్ను ముట్టొద్దన్నరు. విరిగితె మాత్రం తప్పు నాదట."

సెలవు ముగిసేలోగా నాలుగు రోజులు వాడితో కూర్చుని ఆ లెక్కలు నేర్చుకున్నాను. పాఠం చెప్పినవాడు వాడు, విన్నవాణ్ణి నేను.

వాడు కమ్మరి ఇంటి బిడ్డ. తండ్రి నాగలి కర్రు కాల్చి, నీట ముంచే క్షణాన్ని ఉక్కు రంగు చూసి నిర్ణయించేవాడు. కొడుకు ఐటీఐ చదివి, హైదరాబాదులో బాలానగరు వైపు ఒక చిన్న కర్మాగారంలో సీఎన్‌సీ మిల్లింగు యంత్రం నడుపుతున్నాడు. బాలానగరు ఈ విద్యకు కొత్త చోటేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి సాయంతో 1968లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను నెలకొల్పింది అక్కడే. మావాడు పనిచేసేది అంత పెద్ద చోట కాదు, సందులో నాలుగు యంత్రాలున్న షెడ్డులో. కార్యాలయంలో ఒకరు కంప్యూటరు ముందు కూర్చుని ప్రోగ్రాము రాస్తారు. కోతకు కావలసిన అంకెలను ఒక సాఫ్ట్‌వేరు లెక్కగట్టి ఇస్తుంది. వాటిని యంత్రానికి ఎక్కిస్తారు. మావాడు జాబ్ బిగించి బొత్తాం నొక్కుతాడు.

ఇంతకూ ఆ సాఫ్ట్‌వేరు చేసే లెక్క ఏమిటి? తెలియనివారి కోసం కొంచెం వివరిస్తాను. కత్తి అంచు లోహాన్ని కోస్తూ నిమిషానికి ఎన్ని మీటర్లు సాగాలన్నది కోతవేగం. మావాడు కోస్తున్నది స్టెయిన్‌లెస్ ఉక్కు, కత్తి 10 మిల్లీమీటర్ల కార్బైడు కత్తి. నిమిషానికి 100 మీటర్లనుకుంటే అది 3183 చుట్లు తిరగాలి. దానికి నాలుగు పళ్లు. ఒక్కొక్క పన్ను తన వంతుకు 0.05 మిల్లీమీటరు ముందుకు పోవాలంటే, మొత్తం మీద కత్తి నిమిషానికి 637 మిల్లీమీటర్లు నడవాలి. దీనినే వారు ఫీడ్ అంటారు. ఇంతవరకు ఎనిమిదో తరగతి గణితమే.

అసలు చమత్కారం ఇక్కడ మొదలవుతుంది. కత్తి తన పూర్తి వెడల్పుతో కాక అంచుతో ఒక్క మిల్లీమీటరు మాత్రమే కోస్తున్నప్పుడు, పన్ను లోహంలోకి దిగీ దిగకముందే బయటికి వస్తుంది. అందుచేత లేచే రజను 0.05 మందం ఉండదు, 0.03 మాత్రమే ఉంటుంది. సాఫ్ట్‌వేరు ఇది గ్రహించి ఫీడును 637 నుంచి 1061కి పెంచుతుంది. చూసేవాడికి గుండె గుభేలుమంటుంది. కానీ లెక్క తప్పు కాదు. ఒకటికి రెండుసార్లు కాగితం మీద చేసి చూశాను.

మూడో రోజున మావాడు ఒక మాట ఒప్పుకున్నాడు. యంత్రానికి ఫీడును తగ్గించే గుండ్రని మీట ఒకటి ఉంటుందట. కత్తి కీచుమని అరిచినప్పుడల్లా వాడు దానిని సగానికి తిప్పేవాడు. "బయపడి తిప్పిన సార్." అంటే రజను మందం 0.025కు పడిపోయిందన్నమాట. అంత పలుచని కోతలో పన్ను లోహాన్ని కోయడంతో పాటు ఒరుసుకోవడం కూడా ఎక్కువవుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కుకు ఒక దుర్గుణం ఉంది, ఒరిసిన చోట అది మరింత గట్టిపడుతుంది. తరువాతి పన్ను ఆ గట్టిపడిన పొరను ఎదుర్కోవాలి. జాగ్రత్త అనుకుని చేసిన పనే కత్తిని కాల్చింది. ఆ మేరకు తప్పు వాడిదే. శిష్యుడని వెనకేసుకు రాను.

అయితే కత్తి ఎందుకు అరిచింది? నా సందేహం అది. సాఫ్ట్‌వేరు అడిగే ప్రశ్నల జాబితా వాడి ఫోనులో ఫొటో తీసి ఉంది. కత్తి వ్యాసం, పళ్లు, లోహం, యంత్రపు శక్తి. వాటి మధ్య ఆంగ్లంలో స్టికౌట్ అన్న మాటొకటి, దాని ఎదురుగా 30 అన్న అంకె. అదేమిటన్నాను. "తెల్వదు సార్" అన్నాడు. పట్టులోంచి కత్తి బయటికి ఎంత పొడవుందిరా అని అడిగితే తడుముకోకుండా "నలభైఅయిదు. క్లాంపు అడ్డమొస్తది, అంతకు తక్కువ పెట్టరాదు" అన్నాడు.

మిత్రులారా, కథంతా ఆ రెండు అంకెల మధ్యే ఉంది. ఒక చివర బిగించిన కడ్డీ, అదే బలానికి, తన పొడవు ఘనానికి అనుపాతంలో వంగుతుంది. పొడవు 30 నుంచి 45 అయితే, అంటే ఒకటిన్నర రెట్లయితే, వంపు సుమారు మూడుంబావు రెట్ల పైమాట. 30కి సురక్షితమైన 1061, 45కి కాదు. కత్తి వంగి, అదిరి, అరిచింది. సాఫ్ట్‌వేరు అడగవలసిన ప్రశ్న సరిగ్గానే అడిగింది. కానీ ఆ ప్రశ్న జవాబు తెలిసినవాడి దగ్గరికి రాలేదు. జవాబు తెలియనివారు, ముందే నింపి ఉన్న అంకెను అలాగే వదిలేశారు.

ఈ పద్ధతికి నూరేళ్లు దాటిన చరిత్ర ఉన్నది. అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ 1880లో లోహపు కోత మీద పరీక్షలు ఆరంభించి, ఇరవయ్యారేళ్లు సాగించి, 1906లో ఫలితాలు వెల్లడించాడు. కోతను పన్నెండు అంశాలు శాసిస్తాయని తేల్చాడు. ఆ చిక్కులెక్కను క్షణంలో తేల్చడానికి అతని సహచరుడు కార్ల్ బార్త్ ప్రత్యేకమైన స్లైడు రూళ్లు తయారు చేశాడు. నేటి సాఫ్ట్‌వేరుకు అవి తాతముత్తాతలు. టేలరు మేధను తక్కువ చేయను. వేగానికీ కత్తి ఆయుర్దాయానికీ గల సంబంధాన్ని అతను చూపిన సూత్రం నేటికీ నిలిచే ఉంది. దాని ప్రకారం కార్బైడు కత్తి వేగాన్ని ఇరవై శాతం పెంచితే ఆయుష్షు దాదాపు సగమవుతుంది. కానీ ఆ విద్యతో పాటు అతను మరొకటి కూడా చేశాడు. ఆలోచించే పనిని పనివాడి నుంచి తీసి ప్రణాళికా విభాగపు గదిలో పెట్టాడు. చేతికి పని, గదికి బుద్ధి. స్లైడు రూలు పోయి కంప్యూటరు వచ్చినా ఆ గోడ మాత్రం కదలలేదు.

యజమానుల పక్షాన ఒక న్యాయమైన వాదన ఉంది. ప్రతివాడూ తనకు తోచినట్టు మీట తిప్పితే ఒక ముక్కకు మరో ముక్కకు పోలిక ఉండదు, కత్తుల ఖర్చు భరించలేరు. ఇప్పుడే చెప్పిన ఇరవై శాతం లెక్క వారికి అనుకూలమే. మావాడి మీట కథ కూడా వారికే సాక్ష్యం. కాబట్టి సాఫ్ట్‌వేరును పక్కనపెట్టి చెవినీ కంటినీ నమ్ముకొమ్మని నేననను. పద్యవిద్య చెప్పినవాణ్ణి, గణాలు లెక్కించలేక "నా చెవికి బాగానే ఉంది సార్" అన్నవాళ్లను ఎందరినో చూశాను. నేననేది వేరు. యంత్రం ముందు నిలిచినవాడికే ఆ లెక్కల తెర కూడా అందాలి. కనీసం కొలిచి చెప్పవలసిన అంకెలు వాడే కొలిచి, వాడే నింపాలి. కోత సాగుతుండగా వాడు చూసినదానికి, విన్నదానికి కాగితం మీద ఒక గడి ఉండాలి.

ఎందుకంటే ఆ పొట్లంలోని రజనును వాడు నాకు రెండు కుప్పలుగా విడదీసి చూపించాడు. ఒకటి లేత గడ్డిరంగు, రెండోది ముదురు నీలం. "కొత్త కత్తికి ఇది సార్. ఇరగబోయే ముందల ఇది." వేడికి లోహం మీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర వల్ల ఆ రంగులు వస్తాయి. ఒకే వేగం, ఒకే ఫీడు ఉండగా రంగు ముదిరిందంటే కత్తి మొద్దుబారి వేడి పెరుగుతున్నదని గుర్తు. తండ్రి కొలిమి దగ్గర నేర్చిన కన్ను అది. విరగడానికి ముందే విషయం వాడికి కనబడింది. చెప్పడానికి చోటు లేకపోయింది, అడిగినవాడూ లేడు.

పాలమూరు మనిషి అనగానే ఆనకట్టలకు మట్టి మోసిన కూలీ గుర్తుకొచ్చే కాలం ఒకటి ఉండేది. ఇప్పుడు వాడి చేతి కింద లక్షల విలువైన యంత్రం ఉంది. అయినా తట్ట స్థానంలో బొత్తాం వచ్చిందే తప్ప, అడిగేవాడు లేకపోవడం అలాగే ఉంటే ఆ చదువు వల్ల వాడికి ఒరిగిందేమిటి? ఈ మాట రాస్తున్నప్పుడు నాకు కోపం వచ్చిన సంగతి దాచను.

వాడు వెళ్లేముందు ఇద్దరం కలిసి యంత్రం పక్కన అంటించుకోవడానికి ఒక కాగితం తయారు చేశాం, తెలుగులో. కత్తి బయటికి ఎంత ఉంది? జాబ్ గట్టిగా పట్టి ఉందా? రజను ఏ రంగు? అరుపు ఎప్పుడు మొదలైంది? అంతే. దీపావళి తరువాత ఫోను చేశాడు. కార్యాలయంలో 30 తీసి 45 వేశారట. సాఫ్ట్‌వేరు కోత లోతును, ఫీడును తగ్గించి ఇచ్చింది. ముక్కకు కొంత సమయం ఎక్కువ పడుతోంది, అరుపు మాత్రం లేదు. జీతంలో పట్టుకున్న డబ్బు తిరిగి ఇవ్వలేదు. కాగితాన్ని పక్క యంత్రం కుర్రవాడు కూడా రాసుకుని పోయాడట.

ఆ కాగితంలో ఒక మాట దగ్గర నేను ఓడిపోయాను. లేతు మిషనుకు మనకు తరిమెన అన్న చక్కని మాట ఉంది. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు తిరిగేది తరిమెన మీదే. ఫీడుకు ఏమనాలి? "మేత" అన్నాను. వాడు పగలబడి నవ్వి, "బర్రెకు వేసినట్టుంటది సార్, ఫీడే ఉండనియ్యండి" అన్నాడు. మీలో ఎవరికైనా ఇంతకన్న మంచి మాట తోస్తే వ్యాఖ్యలో రాయండి, వాడికి పంపిస్తాను.