సీత పేరున దోషమేమి?

మొన్న వేసవి సెలవులకు ముందు ఒక గృహస్థు మా పాఠశాలకు వచ్చి, తొమ్మిదవ తరగతి చదువుచున్న తన కుమార్తె పేరు మార్చి వ్రాయుడని యొక దరఖాస్తు మా చేతికిచ్చెను. పదవ తరగతి పట్టాలో పేరు అచ్చుపడిన పిదప మార్పించుట ప్రయాస గనుక ముందుగానే వచ్చితినని చెప్పెను. బాలిక పేరు సీత. కారణ మడిగితిమి. “సీతని పేరు పెడితే సీతమ్మ కష్టాలే వస్తాయంటున్నారు సారూ. రేపు సంబంధాలొచ్చినప్పుడు పేరు జూసే వెనక్కిపోతే ఎట్లా?” అని యాయన తల వంచుకొనెను. ఆయన యిల్లు భద్రాద్రిరాముని గోపురము కనబడునంత దూరముననే యున్నది.

చదువరులారా, ఈ వింతను చిత్తగింపుడు. శ్రీరామనవమినాడు ఆ యూరి మిథిలాప్రాంగణమున సీతారాముల కల్యాణము చూచుటకు వేలకొలది జనులు వత్తురు. ఆ ముత్యాల తలంబ్రాలను కొంగున ముడివైచుకొని పోయి, పెండ్లి కావలసిన పిల్లల తలపై చల్లుదురు. మన శుభలేఖల తలకట్టున అచ్చువేయించు శ్లోకము సీతమ్మ దోసిటిలోని ముత్యములను గూర్చినదే. ఆమె తలంబ్రాలు పెండ్లి కుదుర్చునట. ఆమె పేరు పెండ్లి చెడగొట్టునట! ఈ రెండు మాటలును ఒక్క నోట నెట్లు వచ్చుచున్నవి?

ఇంతకును ఆ పేరునకు అర్థమేమి? సంస్కృతమున సీత యనగా నాగటిచాలు. ఋగ్వేదము నాలుగవ మండలములోని క్షేత్రపతి సూక్తమున సీతను దేవతగా పిలిచి, పంట నిమ్మని వేడుకొన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రాజుగారి సేద్యమును చూచు నధికారికి సీతాధ్యక్షుడని పేరు. జనకుడు భూమిని దున్నించుచుండగా నాగటిచాలున దొరకినది గనుక ఆ బిడ్డ సీత యయ్యెనని రామాయణము చెప్పుచున్నది. కావున ఇది అన్నము పెట్టు పేరు. మన అడవి యంచున కోయలు తొలకరి వేళ భూమిపండుగ చేసికొనిన గాని విత్తనము చల్లరు. సంస్కృతమున ఒక్క యక్షరము రాని ఆ రైతులు భూమికి చేయు మర్యాదకును, వేదకాలపు కర్షకులు సీతకు చేసిన మర్యాదకును భేదమేమి?

తెలుగువా రీ పేరును ఎంత ప్రేమించిరో వేరుగ చెప్పనక్కరలేదు. పర్ణశాల చెంత పారు వాగు సీతవాగు. రంగుల రెక్కల పురుగు సీతాకోకచిలుక. పెరటిలో పూచునది సీతమ్మజడబంతి. అమెరికా ఖండమునుండి వచ్చి మన కొండలలో పాతుకొనిన చెట్టు పండునకు సైతము సీతాఫలమని పేరిడితిమి. కంచెర్ల గోపన్నగారు గోలకొండ చెరసాలలో మగ్గుచు, రామునితో నొకమాట చెప్పుమని మొరపెట్టుకొన్నది ఈ తల్లితోనే.

మా చిన్నతనమున ఈ సీమలో వీధికొక సీతమ్మ, వాడకొక సీతారావమ్మ, బడికి నలుగురైదుగురు సీతామహాలక్ష్ములు ఉండెడివారు. నేడు మా హాజరుపట్టీ యంతయు వెదకినను సీత యీ బాలిక యొక్కతియే. పేర్లకును కాలము కలదు. నక్షత్రపాదమును బట్టి మొదటి యక్షరము వెదకువారు కొందరు. అంకెలు కూడి తీసివేయువారు కొందరు. సినిమాతారల పేర్లు వరించువారు కొందరు. రుచి మారుటను మేము తప్పుపట్టము. పాతదని విడుచుట వేరు, కీడని విడుచుట వేరు. మా వాదము రెండవదానితోనే.

కీడే యైనచో అది మగవారి నేల తాకదు? సీతారామయ్యలు, సీతాపతులు మన యూళ్లలో కొల్లలు. వారికి సంబంధములు తప్పిపోయెనని మేము వినలేదు. 1922 మొదలు 1924 వరకు మన్యమున దొరలను గడగడలాడించిన అల్లూరి సీతారామరాజు పేరును, 2022లో మన పొరుగున ఏర్పడిన జిల్లాకు పెట్టుకొన్నారు. మగవాని పేర నిలిచిన సీత వీరత్వమునకు గుర్తు. ఆడుపిల్ల పేర నిలిచిన సీత దుఃఖమునకు గుర్తు! ఇది యే శాస్త్రము?

“సీత కష్టపడలేదా?” యని యడుగుదురు. పడినది. మిథిలాదేశముననే వివాహపంచమినాడు ఆడుపిల్లకు పెండ్లి చేయ జంకువారు కలరు. కాని ఆమెను ఎత్తుకొని పోయినవాడు రావణుడు. నిందించినవి లోకుల నోళ్లు. ఆ నోళ్లకు వెరచి గర్భవతిని అడవిలో విడిపించినవాడు భర్త. పేరు చేసిన పాపమేమి? మరియు ఆమె వట్టి దుఃఖభాజనము కాదు. వనమునకు రావలదనిన భర్తను నిలదీసినది. దండకలో, వైరము లేనివారిని చంపుట తగదని యాయనకే హితవు చెప్పినది. రావణుని యెదుట గడ్డిపోచ యడ్డము పెట్టి మాటాడినది. కడపట మరల ప్రమాణము చేయుమనిన సభ తీర్పునకై నిలువక, భూమిని పిలిచి తల్లి యొడి చేరినది. ఇట్టి గుండె మన కూతుండ్రకు వలదందుమా?

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి యని మన సామెత. కట్నము చాలలేదని పుట్టింటికి పంపబడిన కోడండ్రను మే మెరుగుదుము. వారి పేర్లన్నియు క్రొత్తవే, ముద్దైనవే. ఒక్కతెయు సీత కాదు. 1961లో వచ్చిన వరకట్న నిషేధపు చట్టము, పేరు మార్చుకొమ్మని కోడలికి చెప్పలేదు. కట్న మడుగవలదని అత్తవారికి చెప్పినది. దరఖాస్తు వ్రాయవలసినచో అత్తవారి గుణము మార్చుడని వ్రాయుడు.

ఇంత వ్రాసిన మేమును నిర్దోషులము కాము. మా తల్లిగారి పేరు సీతమ్మ. పదునాలుగేండ్ల క్రిందట మాకు కూతురు పుట్టినపుడు, నాయనమ్మ పేరు పెట్టుట వాడుకయే యైనను, ఇంటివారు జంకిరి. మేము నోరు మెదపలేదు. బారసాలనాడు సాయంకాలము మా తల్లి మమ్ము దగ్గరకు పిలిచి, “నా బతుకు నీకంత పాడు బతుకుగా కనబడిందా నాయనా?” అని యడిగెను. రెండెకరముల మెట్టపొలము తానే నిలబడి సేద్యము చేయించి మమ్ము చదివించిన తల్లి యామె. మేము జవాబు చెప్పలేదు. ఆమె యిప్పుడు లేదు.

ఆ గృహస్థునకు ఈ కథయే చెప్పి, “అమ్మాయి నడిగితిరా?” అంటిమి. అడుగలేదనెను. అడిగి రండని దరఖాస్తు తిరిగి యిచ్చితిమి. పేరు ఎవరిదో వారి నడుగక మార్చుట, సీత మాట వినకయే సీతకు తీర్పు చెప్పిన లోకము చేసిన పనియే. ఆ పని మన యిండ్లలోనైన మానుదము.